రెండో బల్ల

మా చర్చిలో ప్రభువు బల్ల నెలకోసారి, మొదటి ఆదివారం జరిగేది. అయితే ఆ ఒక్కరోజులోనే రెండుసార్లు జరిగేది. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో ఇలాంటిది చూడలేదు. కొలిమి ఉన్న చోట ఆదివారం అంటూ ఉండదని జంషెడ్‌పూర్ వచ్చాకే తెలిసింది. పొద్దుటి ఆరాధనకు బి షిఫ్టుకు వెళ్ళవలసినవాళ్ళు, సి షిఫ్టు దిగి ఎర్రటి కళ్ళతో వచ్చినవాళ్ళు, సెలవున్నవాళ్ళు వచ్చేవారు. ఎ షిఫ్టువాళ్ళు మధ్యాహ్నం రెండు దాటాక, కార్ఖానా వదిలాక, సైకిళ్ళ మీద నేరుగా చర్చికి వచ్చేవారు. వాళ్ళకోసం అదే రొట్టె, అదే ద్రాక్షరసం మళ్ళీ పెట్టేవారు. దాన్ని రెండో బల్ల అనేవాళ్ళం.

రెండింటికీ అన్నీ సిద్ధం చేసేది మా అత్తయ్య. మునక్కా, అంటే గింజల ఎండుద్రాక్ష, ఉడికించి రసం తీయడం, పులియని రొట్టె కాల్చి ముక్కలు కోయడం, వేలెడంత గాజు కప్పులు కడిగి చెక్క పళ్ళెంలో అమర్చడం, పొద్దుటి కప్పులు మధ్యాహ్నానికి మళ్ళీ కడిగి తుడవడం అన్నీ ఆమే చేసేది. అంత చేసిన మనిషి ఆ రెండు బల్లల్లో ఒక్కదానిలోనూ పాలుపుచ్చుకోవడం లేదని చాలాకాలం ఎవరూ గమనించలేదు. పొద్దున వచ్చినవాళ్ళు ఆమె మధ్యాహ్నం తీసుకుంటుంది అనుకునేవారు. మధ్యాహ్నం వచ్చినవాళ్ళు పొద్దున్నే తీసుకుంది అనుకునేవారు. రెండుసార్లూ ఉండేది అయ్యగారు, మా అత్తయ్య, నేను. మా పాస్టరుగారిని అందరం అయ్యగారనే పిలిచేవాళ్ళం. ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థించేవారు. నేను ఆ చర్చి వెనక వంటసాలలో కప్పులు తుడిచేదాన్ని.

నేను అక్కడికి చేరిన పరిస్థితి కొంచెం చెప్పాలి. నా భర్త అత్తయ్యకూ మామయ్యకూ ఒక్కడే కొడుకు. ట్రక్కుల కార్ఖానాలో ఫౌండ్రీ పని. పెళ్ళయి మూడో వర్షాకాలం రాకముందే పచ్చకామెర్లు వచ్చి పోయాడు. డెబ్బైల చివర మాట ఇది. మా పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్తామన్నారు. నేను వెళ్ళలేదు. గోవింద్‌పూర్‌లో ఊరి శివారున ఆ రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వరండా, అందులో అతను కూర్చునే చెక్క కుర్చీ, వాటిని వదిలి వెళ్తే అతను నిజంగానే పోయినట్టు అవుతుందని అనిపించింది. అక్కడే ఒక చిన్న బడిలో పిల్లలకు తెలుగు చెప్పే పని దొరికింది. సాయంత్రాలు పుస్తకాలు చదువుకునేదాన్ని. పొద్దున్నే అందరూ లేవకముందు ఆ వరండా కుర్చీలో కూర్చుని వాక్యం చదువుకుని, కాసేపు ఊరికే ఉండేదాన్ని. దాన్ని ప్రార్థన అనవచ్చో లేదో నాకు తెలియదు. అక్కడ కూర్చోకపోతే ఆ రోజు మొదలయ్యేది కాదు.

అత్తయ్యది ఇంకో దారి. కొడుకును సమాధి చేసి వచ్చిన మర్నాటి నుంచే ఆమె సేవలో పడింది. అంతకుముందూ చేసేది, కాని ఇలా కాదు. సోమవారం రోగుల ఇళ్ళకు వెళ్ళేది. మంగళవారం స్త్రీల సమాజం, బుధవారం ఎవరో ఒకరి ఇంట్లో గృహకూటం, శుక్రవారం ఉపవాస కూడిక. టెల్కో కాలనీలో ఎవరైనా ప్రసవించారంటే జీలకర్ర కారం పట్టుకుని బస్సెక్కేది. ఎక్కడైనా చావు జరిగితే మొదట ఆ వాకిట్లో చెప్పులు విడిచేది ఆమే. కూటంలో పాట ఎత్తుకునేది, వంటకు నిలబడేది, చాపలు దులిపి మడత పెట్టేది. ఇంట్లో మాత్రం, పొద్దున కుటుంబ ప్రార్థన మానేసింది. మామయ్య మొదలుపెడితే పొయ్యి దగ్గర పని ఉందని లేచి వెళ్ళేది.

మామయ్య పెద్ద కార్ఖానాలో క్రేను నడిపి రిటైరయిన మనిషి. తక్కువ మాట్లాడేవాడు, మాట్లాడితే ఎకసెక్కం. "మీ అత్త దేవుడికి కూడా డ్యూటీ ఏసీసింది. ఆయనకి ఛుట్టీ నేదు" అనేవాడు. ఆమె వినబడనట్టు పోయేది.

సంఘంలో ఆమెను మెచ్చుకోనివారు లేరు. నన్ను చూసి మాత్రం నొసలు చిట్లించేవారు. కుర్చీ భక్తురాలు అని నాకు పేరు పెట్టారని మామయ్యే చెప్పాడు, నవ్వుతూ. నేను పట్టించుకోలేదు అంటే అబద్ధం. అయినా ఆ పేరు తప్పు కాదు.

అత్తయ్య నన్ను వంటసాలకు లాగినది అందుకే. కూర్చుంటే మనసు కుళ్ళిపోతుందని ఆమె నమ్మకం. అలా నేను బల్ల పనిలో చేరాను. చేరిన మొదటి నెలలోనే ఆ సంగతి తెలిసింది. పొద్దుటి ఆరాధనలో పాట అవుతుండగా ఒకామె వంటసాల గుమ్మంలోకి తొంగిచూసి, లోపలికి రా సిన్నమ్మా, అయ్యగారు మొదలెట్టేస్తున్నారు అంది. అత్తయ్య తల ఎత్తకుండా, మాపటేల తీసుకుంటాను, నువ్వెల్లు అంది. మధ్యాహ్నం ఇంకొకామె అదే గుమ్మంలోంచి అదే మాట అడిగింది. "పొద్దున్నే అయిపోనాదమ్మా" అంది అత్తయ్య.

పిల్లలు చిన్న అబద్ధం చెప్పినా చెవి మెలిపెట్టే మనిషి ఆమె. నా చేతిలో కప్పు ఉంది. దాన్ని తుడుస్తూనే ఉండిపోయాను. మరుసటి నెలా అంతే, ఆ పై నెలా అంతే. ఇంట్లో ఒక మనిషి వారాల తరబడి అన్నం ముట్టడం లేదని తెలిసీ ఎవరికీ చెప్పలేకపోతే ఎలా ఉంటుందో నాకు అలా ఉండేది. ఆమెను అడగాలంటే భయం. అడగకపోతే అంతకంటే భయం.

మా సంఘంలో బల్లను తేలిగ్గా తీసుకోరు. అది చిన్న రొట్టె ముక్క, గుటకెడు రసం. కాని ముందు శుక్రవారం సిద్ధపాటు కూడిక ఉంటుంది. ఎవరి మీదైనా కోపం ఉంటే వెళ్ళి సర్దుకుని రావాలి. మనసులో పగ పెట్టుకుని తీసుకుంటే అది మేలు చేయదు, కీడు చేస్తుందని మా పెద్దవాళ్ళు గట్టిగా నమ్మేవారు. ఏదో ఒక తగాదా ఉండి తీసుకోకుండా వెనక బెంచీలో కూర్చున్నవాళ్ళు ఎప్పుడూ ఒకరిద్దరు ఉండేవారు. అందరూ వాళ్ళకేసి చూసేవారు. అత్తయ్య వెనక బెంచీలో కూడా కూర్చోలేదు. వంటసాలలో ఉంది. అక్కడున్న మనిషిని ఎవరు అనుమానిస్తారు?

ఆమెకు ఎవరితోనూ తగాదా లేదు. అందుకే నాకు అర్థం కావడానికి సమయం పట్టింది.

ఆ ఏడాది చలి తగ్గుతున్న రోజుల్లో మా సంఘంలో స్త్రీల పండుగ పెట్టారు. ఊళ్ళోని మిగతా తెలుగు సంఘాల స్త్రీలను కూడా పిలిచారు. బల్ల ఆదివారం నాడే పెట్టారు. సమాజం అధ్యక్షురాలు ఇంటికి వచ్చి, ఈసారి సాక్ష్యం అత్తయ్యే చెప్పాలని అడిగింది. ఒక్కగానొక్క కొడుకు పోయినా సేవ మానలేదు, దేవుడు నిన్ను ఎలా నిలబెట్టాడో పదిమందికీ తెలియాలి అంది. మా పద్ధతిలో సాక్ష్యం చెప్పినవారు ఆ రోజు ముందు బెంచీలో కూర్చుంటారు. బల్ల మొదట వాళ్ళకే అందిస్తారు.

అత్తయ్య సరే అంది. కాదనడానికి కారణం చెప్పాలి కదా.

అధ్యక్షురాలు వెళ్ళాక మామయ్య బీడీ ఆర్పి లోపలికి వచ్చాడు. వంటింట్లోకి ఓసారి చూసి, నాకేసి చూసి, మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు. ఆయనకూ తెలుసునని నాకు అప్పుడు అర్థమయింది.

పండుగ ముందు శనివారం జుగ్సలాయి బజారుకు వెళ్ళాం. ఎడ్లబళ్ళకూ రిక్షాలకూ మధ్య ఒదిగి నడవవలసిన ఆ సందుల్లో ఆమె ఎప్పుడూ కొనే మార్వాడీ దుకాణం ఒకటి ఉంది. దుకాణదారు ఆమెను చూడగానే అడక్కుండానే మునక్కా డబ్బా దింపేవాడు. ఈసారి ఎక్కువ కావాలని ఆమె హిందీలో చెబితే, "మాజీ, భగవాన్ కీ ఇత్నీ సేవా, ఆప్‌కో తో సీధా స్వర్గ్ మిలేగా" అన్నాడు, దేవుడికి ఇంత సేవ చేస్తే నేరుగా స్వర్గమేనని. ఆమె ఎప్పుడూ నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. మునక్కాలో పుల్లలున్నాయని గదమాయించింది. అతను బిత్తరపోయి వేరే డబ్బా తీశాడు.

ఇంటికి వచ్చాక, ఉడికిన మునక్కాను పల్చటి గుడ్డలో వేసి చెరో చివరా పట్టుకుని పిండుతున్నాం. అప్పుడు అడిగాను. రేపు ముందు బెంచీలో కూర్చుంటే ఏం చేస్తావత్తా అని.

ఆమె గుడ్డ మెలిపెడుతూనే ఉంది. రసం దబరలోకి ధారగా పడుతోంది.

"నీకు తెల్సా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

నేను మొదట చేరిన నెల నుంచీ అని చెప్పాను. ఆమె గుడ్డ వదిలి చేతులు దులుపుకుంది. కోప్పడుతుందనుకున్నాను. పీట లాక్కుని కూర్చుంది.

"నువ్వు రోజూ ఆ కుర్సీలో కూకుని ఏటి మాటాడతావు ఆయనతో?"

ఏమీ మాట్లాడనని చెప్పాను.

"ఆయనేటి సెప్తాడు?"

"ఏమీ చెప్పడు."

"మరెందుకు కూకుంటావు?"

అలవాటు అన్నాను. ఆమె తల ఊపింది.

"నా పని నాను మానీలేదే. ఆయన సెయ్యాల్సింది ఆయన సేసీసేడు. నా పని నాను సేత్తన్నాను. మాటల్లేవు, అంతే."

ఆ మాటతో నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆమె మామయ్య మీద ఏదో కోపంతో మాట్లాడడం మానేసింది. ఏం జరిగిందో నాకు చెప్పలేదు. ఆ రోజుల్లో మామయ్యకు ఒక్క పూట కూడా భోజనం ఆలస్యం కాలేదు. డ్యూటీకి టిఫిన్ క్యారియర్ తయారుగా ఉండేది. చొక్కా ఉతికి మడతపెట్టి ఉండేది. ఇష్టమైన చేపల పులుసు కూడా చేసింది. కంచం ఆయన ముందు పెట్టి, నీళ్ళు పెట్టి, ముఖం చూడకుండా వెళ్ళిపోయేది. మామూలు రోజుల్లో కంటే ఆ రోజుల్లోనే పనులు శుభ్రంగా జరిగాయి. పని తప్పు పట్టడానికి వీల్లేకుండా ఉంటే, మాట్లాడమని ఎవరూ అడగలేరు.

దేవుడితోనూ ఆమె అలాగే ఉంది. ఇంతకాలం సంఘమంతా భక్తి అనుకుంటున్నది అలక.

"రేపు తీసుకుంటే కోపంతో తీసుకున్నట్టు. అది పాపం. తీసుకోకపోతే అందరికీ తెలిసిపోతాది" అందామె. తర్వాత నాకు అర్థంకాని ధైర్యంతో, "ఏదో సెయ్యకపోతానా? వంట నాదే కదా" అని లేచింది. దబర మీద పళ్ళెం మూతపెట్టి, ఇంక ఆ సంగతి ఎత్తొద్దన్నట్టు నావైపు చూసింది.

ఆ ఆదివారం చర్చి నిండిపోయింది. పైన రేకులు, లోపల జనం, ఫిబ్రవరిలోనే చెమట. ముందు బెంచీలో ఒక చోటు ఖాళీగా ఉంచారు. వెనక షామియానా కింద భోజనాలకు పెద్ద గుండిగల్లో పప్పు, కూర ఉడుకుతున్నాయి. పాట పాడే పిల్లలు వంటసాలలోకి వచ్చి మంచినీళ్ళు తాగుతుంటే, పాటకు వరస సరిగా నేర్చుకున్నారా అని అత్తయ్య తెలుగులో అడిగింది. "హో గయా దాదీ, కిత్నీ బార్ పూఛోగీ" అని, నేర్చేసుకున్నాం ఎన్నిసార్లు అడుగుతావన్నట్టు, ఒక పిల్ల హిందీలో విసుక్కుంది. అత్తయ్య ఆ పిల్లను వీపు మీద చరిచి పంపింది. చూసినవాళ్ళకు ఆమె ఎప్పటిలాగే ఉంది. నాకు మాత్రం ఆమె ఉప్పు రెండుసార్లు వేయబోవడం కనిపించింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

అధ్యక్షురాలు ఆమెను పిలిచింది. అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ వంటసాల నుంచి నేరుగా వెళ్ళి నిలబడింది. నేను పక్క తలుపు దగ్గర ఉన్నాను. ఆమె జనాన్ని చూడలేదు, గోడ మీద గడియారం కేసి చూసింది.

"నా కొడుకు పోయేడు. మీరందరూ వచ్చేరు. కూడు వండేరు, నన్ను పట్టుకున్నారు. తరవాత మీరు ఎల్లిపోనారు. నాను పన్లో పడ్డాను."

ఆగింది. ఇప్పుడు చెప్పేస్తుందని ఒక క్షణం, అబద్ధం చెబుతుందని ఇంకో క్షణం అనిపించింది.

"అంతే. కూర అడుగంటీస్తాది, ఎల్తన్నాను."

జనం నవ్వారు. చప్పట్లు కూడా వినిపించాయి. ఆమె వెనక్కి నడిచి వచ్చేసింది. ముందు బెంచీలో చోటు అలాగే ఖాళీగా ఉంది. అయ్యగారు పళ్ళెం పట్టుకుని అక్కడికి వచ్చి ఒక్క నిమిషం ఆగి, వంటసాల కేసి చూసి, చిరునవ్వుతో పక్కవారికి అందించారు. గండం గడిచింది. కూర నిజంగానే అడుగంటింది.

భోజనాల దగ్గర అందరూ ఆమెనే పొగిడారు. రెండు ముక్కల్లో చెప్పేసింది, వినయం అంటే అది అన్నారు. ఆమె వడ్డిస్తూనే ఉంది. ఎవరు ఏమన్నా, ఇంకో గరిటె వేయమంటావా అనేది.

మిగతా సంఘాల స్త్రీలు బస్సులెక్కి వెళ్ళిపోయాక షామియానా కింద ఒకామె మిగిలింది. మా సంఘం మనిషే. నాకంటే కొంచెం పెద్దది. దసరా రోజుల్లో ఆమె ఆరేళ్ళ కూతురు జ్వరంతో పోయింది. ఆ ఇంట్లో అందరికంటే ముందు చెప్పులు విడిచింది అత్తయ్యే. ఆమె భర్తది ఎ షిఫ్టు. అతను వచ్చాక ఇద్దరూ రెండో బల్లకు ఉండాలి. ఆమె వంటసాలలోకి వచ్చి మా పక్కన కూర్చుని పొద్దుటి కప్పులు కడగడం మొదలుపెట్టింది. వద్దన్నా వినలేదు.

ఎ షిఫ్టువాళ్ళు వచ్చారు. సైకిళ్ళు గోడకు ఆనించిన చప్పుళ్ళు, కుళాయి దగ్గర ముఖాలు కడుక్కుంటున్న చప్పుళ్ళు విన్నాం. ఆమె భర్త గుమ్మంలోకి వచ్చి రమ్మని సైగ చేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను ఒక్కడే లోపలికి వెళ్ళిపోయాడు. లోపల పాట మొదలైంది.

అత్తయ్య కడిగిన కప్పులు పళ్ళెంలో సర్ది లోపలికి పంపించింది. తిరిగి వచ్చి ఆమెతో, నువ్వింకా ఇక్కడే ఉన్నావేటి, లోపలికెల్లు అంది.

"నాను ఎల్లను సిన్నమ్మా. కూకుంటే పాపే గుర్తొత్తంది. పార్తన రావట్లేదు. నిన్ను సూసేను కదా. నీలాగే పన్లో పడిపోతాను. ఇయ్యాల నుంచి మాపటి గిన్నెలన్నీ నాయి."

అలా అంటూ ఆమె తేలిగ్గా నవ్వింది. ఏదో దారి దొరికిన మనిషిలా ఉంది ఆ ముఖం. అత్తయ్య ఆ ముఖాన్ని చూస్తూ నిలబడిపోయింది. నేను అంతకుముందు ఎప్పుడూ ఆమె చేతులు ఖాళీగా ఉండగా చూడలేదు.

"నాలాగ ఒద్దే" అంది.

"ఏల? నువ్వు బాగానే ఉన్నావు కదా."

"లోపలికెల్లు. బల్ల తీసుకో. గిన్నెలు ఎక్కడికీ పోవు."

"నువ్వు తీసుకున్నావేటి?"

ఎన్నో నెలలుగా ఆ ప్రశ్నకు ఆమె దగ్గర తయారుగా ఉండే జవాబు ఉంది. నోరు తెరిచింది. "పొద్దున" అంది. అక్కడ ఆగింది. నాకేసి చూసింది. నేను కాదని చెప్పను, అవునని కూడా చెప్పను అన్నది ఆమెకు నా ముఖంలో కనిపించి ఉంటుంది. తల దించుకోవాలనిపించింది కాని దించలేదు.

లోపల పాట ఆగిపోయింది. బెంచీలు కిర్రుమన్నాయి. రొట్టె అందించారు, కప్పులు అందించారు. గోడకు అటువైపు ఏం జరుగుతోందో చప్పుడును బట్టి మాకు తెలిసేది. మా ముగ్గురిలో ఎవరూ కదల్లేదు. కుళాయి బొట్లు బొట్లుగా బేసినులో పడుతోంది. అత్తయ్య దాన్ని కట్టేయలేదు.

చివర అయ్యగారు ఒక మాట అడగడం అలవాటు. ఇంకా తీసుకోవలసినవారు ఎవరైనా ఉన్నారా అని. అడిగి, ఒక్క ఊపిరి ఆగి, తెల్లగుడ్డ బల్ల మీద కప్పేసేవారు. నేను విన్నంతకాలం ఎవరూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. అది జవాబు కోసం అడిగే ప్రశ్న అని ఎవరూ అనుకోలేదు.

ఆ రోజూ అడిగారు.

"ఉన్నాను బాబూ" అంది అత్తయ్య.

గట్టిగా అనలేదు. అయ్యగారికి వినబడిందో లేదో తెలియదు. ఆమె తడి చేతులతోనే గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. "నానున్నాను. పొద్దున తీసుకోలేదు. నా కొడుకు పోయిన కాణ్ణుంచీ తీసుకోలేదు" అంది అందరి ముందూ. "ఆయనతో మాటాడి శానా కాలమయింది. కోపం ఇంకా పోలేదు. పోయిందాకా ఉంటే ఇంక తీసుకోనేమో. ఇత్తారా, ఇవ్వరా?"

బెంచీల్లో కూర్చున్న మగవాళ్ళు నేల చూపులు చూశారు. మామయ్య వెనక వరసలో ఉన్నాడు. చుట్టూ షిఫ్టు దిగినవాళ్ళ నూనె మరకల చొక్కాలు, కడిగినా పోని మసి. అయ్యగారు చేతిలో తెల్లగుడ్డ పట్టుకుని నిలబడ్డారు. ఆయన కాదంటే తప్పుపట్టేవాళ్ళు ఉండరు. మా పెద్దల లెక్కలో కాదనవలసిందే. ఆ కాసేపూ నేను గుమ్మం కొయ్యను పట్టుకున్నాను.

ఆయన గుడ్డను మడిచి పక్కన పెట్టారు. పళ్ళెంలో శుభ్రమైన కప్పు ఒక్కటీ లేదు. అత్తయ్య అందరికీ సరిపోయేలా సర్దింది, తనను కలుపుకోలేదు. అయ్యగారు నావైపు చూశారు. నేను వంటసాలలోంచి స్టీలు గ్లాసు ఒకటి తెచ్చాను. ఆయన కూజాలో అడుగున మిగిలిన రసం అందులో వంచారు. రొట్టె ముక్క చిన్నది ఒకటి మిగిలింది. అదిచ్చారు. ఆమె తీసుకుంది. నాకు ఆమె వీపు మాత్రమే కనిపించింది. అప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో నేను ఊహించి రాయను.

నా పక్కన నిలబడిన కూతురు పోయినామె కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళింది. తనకూ కావాలంది. అదే గ్లాసులో అడుగున ఉన్న చుక్క ఆమెకిచ్చారు. రొట్టె లేకపోతే అత్తయ్య తన చేతిలో ఇంకా మిగిలి ఉన్న తునకను తుంచి ఇచ్చింది. ఆమె భర్త బెంచీలో జరిగి చోటిచ్చాడు. అత్తయ్య కూడా ఆ బెంచీ చివరనే కూర్చుంది. ఆశీర్వాదం అయింది, జనం లేచారు, సైకిళ్ళు కదిలాయి. ఆమె కూర్చునే ఉంది. వంటసాలలో మిగిలిన గిన్నెలు మామయ్య, నేను కడిగాం. ఆయనకు గిన్నెలు కడగడం రాదని ఆ రోజు తెలిసింది.

తర్వాత అంతా సుఖంగా జరగలేదు. సంఘంలో కొందరు చాలాకాలం ముఖం తిప్పుకున్నారు. ఇన్నాళ్ళూ కోపం పెట్టుకున్న చేతులతో బల్ల సిద్ధం చేసిందా అని మాటలు పుట్టాయి. ఆ మాటలు ఇంటికీ వచ్చాయి. సాక్ష్యానికి చప్పట్లు కొట్టినవాళ్ళే అలా అన్నారు. బల్ల పని వంతులుగా చేయాలని నిర్ణయించారు. మొదటి నెల కప్పులు మురికిగా ఉన్నాయి, రసం పుల్లగా ఉంది. అత్తయ్య చూసి ఊరుకుంది. సోమవారం, బుధవారం వెళ్ళడం తగ్గించింది. పూర్తిగా మానలేదు. కూతురు పోయినామె ఇంటికి మాత్రం వెళ్ళేది. వండిపెట్టడానికి కాదు, ఊరికే ఇద్దరూ కూర్చునేవారు.

ఆ ఆదివారం దాటాక ఒక పొద్దున ఆమె నా దగ్గరికి వచ్చి, నువ్వు బడికి ఎల్లేక ఆ కుర్సీలో నాను కూకుంటాను అంది. సరేనన్నాను. మరునాడు బడికి బయలుదేరి, గొడుగు మరిచిపోయి గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చాను. మామయ్య వాకిట్లో వేపపుల్ల నములుతూ నిలబడ్డాడు. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

వరండాలోంచి ఆమె గొంతు వినిపిస్తోంది. పాట కాదు, కూటంలో చేసే ప్రార్థన కాదు. దబాయింపు. "ఏల? సెప్పు. నీకేటి తక్కువ సేసేను? అడిగితే పలకవేటి? ఇరవైయారేల్లు పెంచేను, నీకు తెల్దేటి?" గొంతు పెరుగుతోంది, విరుగుతోంది, మళ్ళీ పెరుగుతోంది. లోపలికి వెళ్ళాలా అని మామయ్యను చూశాను.

ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. పుల్ల ఉమ్మి, నెమ్మదిగా అన్నాడు.

"ఉండనీ. తిడతన్నాది కదా. నాతోటి కూడా అంతే, ముందు తిట్టేకే మాటాడింది."

గొడుగు తీసుకోకుండానే బడికి వెళ్ళాను. ఆ తర్వాత చాలా పొద్దులు ఆ గొంతు అలాగే ఉండేదని మామయ్య చెప్పేవాడు. ఎప్పుడు తగ్గిందో ఆయనా గమనించలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. కుర్చీ ఉంది. నాకు ఎప్పటిలాగే అక్కడ మాటలు రావు. ఆమెకు వచ్చేవి.